పరీక్షకు పద్నాలుగు రోజులు, పండక్కి ఏడాది

ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఒక పని చేయండి. ఏదైనా టికెట్ యాప్ తెరవండి. బస్సుదైనా సరే, సినిమాదైనా సరే. సీటు ఎంచుకుని, పేరూ వయసూ కొట్టి, డబ్బు కట్టే స్క్రీన్ దాకా వెళ్ళి ఆగండి. కట్టొద్దు. మొదట్లో చూపించిన రేటూ, ఇప్పుడు కట్టమంటున్న మొత్తమూ ఒకటేనా? తేడా ఉంటే అది ఎక్కడెక్కడ చేరిందో వెతకండి. కన్వీనియెన్స్ ఫీజు ఒక చోట, దాని మీద జీఎస్టీ ఇంకో చోట. ఇంకాస్త కిందికి జరిపితే, మీరు పెట్టని టిక్ ముందే పెట్టేసి ఉన్న చిన్న గడి కనిపించినా కనిపించొచ్చు. ఈ మధ్య తగ్గాయి గానీ, పూర్తిగా పోలేదు.

మా ఫీల్డులో దాన్ని 'ప్రీ-టిక్డ్ చెక్‌బాక్స్' అంటాం. అది అక్కడికి ఎలా వస్తుంది, వచ్చాక ఎందుకు పోదు, పోవాలంటే ఏం జరగాలి... ఈ వారం కబుర్లు ఇవే.

బయటి నుంచి చూస్తే ఎవరో కోటు వేసుకున్న విలన్ కూర్చుని జనం జేబులు కొట్టడానికి ప్లాన్ గీసినట్టు అనిపిస్తుంది. నేను చూసినంతలో అలాంటి విలన్ ఎవరూ లేరు. ఒక మీటింగ్ రూమ్, చల్లారిన సమోసాలు, ఒక ఎక్సెల్ షీటు, నెలాఖరు. అంతే సరంజామా. అందుకే ఇది నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అందరూ మంచివాళ్ళే అయినా చెడ్డ స్క్రీన్ ఎలా తయారవుతుంది?

నేను ఇంతకుముందు పనిచేసిన కంపెనీ బస్సు టికెట్లు అమ్మేది. పేరెందుకు లెండి. బస్సు టికెట్ల వ్యాపారానికి సంక్రాంతి ఎలాంటిదంటే, బట్టల కొట్టుకి శ్రావణమాసం లాంటిది. జనవరి రెండో వారంలో హైదరాబాద్ ఖాళీ అవుతుంది, టీవీల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులు చూపిస్తారు, మా సర్వర్లు మూలుగుతాయి. ఆ నాలుగు వారాల్లో ఎంత సంపాదిస్తే మార్చి 31 నాటికి అంత గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు పైవాళ్ళు.

2022 నవంబరులో ఆ ప్రతిపాదన వచ్చింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ అని 20 రూపాయలది ఒకటి ఉండేది. కావాలంటే టిక్ పెట్టుకోవాలి. ఎవరూ పెద్దగా పెట్టుకునేవాళ్ళు కాదు. "టిక్ మనమే పెట్టేద్దాం, వద్దనుకున్నవాళ్ళు తీసేసుకుంటారు" అన్నాడు ప్రొడక్ట్ మేనేజర్. మా డిజైనర్ వెంటనే అంది, "తీసేసుకోవాలని వాళ్ళకి తెలిస్తే కదా అన్నా."

ఆయన నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదని మళ్ళీ చెప్తున్నా. ఆ రోజుల్లో స్టార్టప్‌లకి డబ్బు పెట్టేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. పక్క బిల్డింగుల్లో ఉద్యోగాలు పోతున్నాయి. ఆయన కింద ఉన్న పదకొండు మందికి ఏప్రిల్‌లో ఉద్యోగం ఉండాలంటే మార్చి నెంబరు బాగుండాలి. మీటింగ్ అయ్యాక కాఫీ మెషీన్ దగ్గర నాతో అన్నాడు, "నీకు వచ్చే ఏడాది సంక్రాంతి కనపడుతోంది రా. నాకు ఈ ఏడాది మార్చి కనపడుతోంది. ఇద్దరం కరెక్టే."

ఈ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే యాప్, చూస్తున్న క్యాలెండర్లు వేరు.

సరే, వాదనలెందుకు, పరీక్ష పెడదాం అన్నారు. ఏ-బీ టెస్ట్ అంటాం దీన్ని. వచ్చిన యూజర్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి పాత స్క్రీన్, ఇంకో గుంపుకి టిక్ పెట్టేసిన స్క్రీన్. మీకు తెలియకుండా మీరు రోజూ ఇలాంటి పరీక్షల్లో ఉంటారు. మీ ఫోన్‌లో ఒక బటన్ ఎర్రగా, మీ రూమ్మేట్ ఫోన్‌లో అదే బటన్ పచ్చగా కనపడితే ఆశ్చర్యపోకండి.

మా పరీక్ష పద్నాలుగు రోజులు నడిచింది. ఫలితం మీరు ఊహించిందే. ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్ళు అమాంతం పెరిగారు. మరి 20 రూపాయలు చూసి టికెట్ కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళు? పెద్దగా లేరు. "చూశారా, బుకింగులు తగ్గలేదు. అంటే యూజర్లకి అభ్యంతరం లేనట్టే కదా!"

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ ఒక్క వాక్యంలోనే కథంతా ఉంది.

పండక్కి ఊరెళ్ళే మనిషి సంగతి ఆలోచించండి. మూడు యాప్‌లు వెతికి, రెండుసార్లు 'సోల్డ్ అవుట్' చూసి, చివరికి రాజమండ్రికి వెనక వరసలో ఒక్క సీటు దొరికింది. ఆ మనిషి 20 రూపాయల కోసం ఆ సీటు వదిలేస్తాడా? వదలడు. అసలు చూడనే చూడడు. సీటు పోతుందేమోనని గబగబా యూపీఐ పిన్ కొట్టేస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో బస్సులో కూర్చుని, కాలక్షేపానికి టికెట్ మెసేజ్ చదువుతూ ఉంటే అప్పుడు కనపడుతుంది ఆ 20. కోపం వస్తుంది. కానీ అప్పటికి బుకింగ్ అయిపోయింది, మా పరీక్షలో అతను 'విజయం' కింద నమోదైపోయాడు.

అతని కోపం ఎప్పుడు బయటపడుతుంది? మళ్ళీ టికెట్ కొనాల్సి వచ్చినప్పుడు. అంటే ఉగాదికి, లేదా వేసవి సెలవులకి, లేదా దసరాకి. అప్పుడు అతను మా యాప్ తెరవకుండా పక్క యాప్ తెరుస్తాడు. ఆ తెరవకపోవడాన్ని ఏ గ్రాఫూ చూపించదు. మా పరీక్ష పద్నాలుగు రోజులు, అతని పండగ ఏడాదికోసారి. మామిడి మొక్క నాటి రెండు వారాల తర్వాత కాయల్లేవని తేల్చేసినట్టుంటుంది ఇది.

దీన్ని సరిగ్గా కొలవడం అసాధ్యమేం కాదు. 2015లో గూగుల్ ఉద్యోగులు ముగ్గురు ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. సెర్చ్‌లో ప్రకటనలు ఎక్కువ పెడితే ఈ వారం ఆదాయం పెరుగుతుంది, అది ఎవరికైనా తెలుసు. వాళ్ళు అడిగిన ప్రశ్న వేరే: అలా ఎక్కువ ప్రకటనలు చూసిన జనం కొన్ని నెలల తర్వాత ఎలా మారతారు? కొందరు యూజర్లను ఎక్కువ కాలం ఒకే రకం స్క్రీన్‌లో ఉంచి గమనించారు. తేలిందేమిటంటే, పనికిరాని ప్రకటనలు చూసీ చూసీ జనం ప్రకటనలు కనపడని గుడ్డివాళ్ళలా తయారవుతారు. మంచి ప్రకటన వచ్చినా నొక్కరు. ఈ లెక్క చూసుకుని, మొబైల్ సెర్చ్‌లో ప్రకటనల మోతాదును సగానికి తగ్గించారు. దానధర్మం కోసం కాదండోయ్. దీర్ఘకాలంలో అదే లాభమని లెక్క చెప్పింది కాబట్టి.

గూగుల్‌కి ఉన్నంతమంది యూజర్లూ, అంత ఓపికా మాకెక్కడివి అని మీరు అడగొచ్చు. మా మేనేజర్ కూడా అదే అడిగాడు. నిజమే. కానీ చిన్న కంపెనీ కూడా చేయగలిగింది ఒకటుంది. కొత్త మార్పు అందరికీ వదిలేశాక కూడా, కొద్దిమందిని పాత స్క్రీన్‌లోనే ఆరు నెలలో ఏడాదో ఉంచడం. మా భాషలో 'హోల్డ్-అవుట్'. పొలంలో ఒక మడికి మందు కొట్టకుండా వదిలేసి చూసినట్టన్నమాట. దానికి అదనంగా కోడ్ పెద్దగా అక్కర్లేదు. ఏడాది తర్వాత ఆ షీటు తెరిచి చూడాలన్న పట్టింపు ఉండాలి. ఏడాదికి మేనేజర్ మారిపోతాడు, డిజైనర్ మారిపోతుంది, నాలాంటివాడు ఇంకో కంపెనీలో కూర్చుని కాలమ్ రాస్తుంటాడు. అదీ అసలు చిక్కు.

ఇంతకీ, ఆ టిక్ పెట్టడం ఎన్ని రోజుల పనో తెలుసా? రెండు రోజులు. పేమెంట్స్ టీమ్ వాళ్ళు బుధవారం మొదలుపెట్టి గురువారం సాయంత్రానికి ముగించారు.

అదే సమయంలో నా టీమ్‌లో ఇంకో పని ఉండేది. దాని వయసు అప్పటికి రెండేళ్ళు. టికెట్ పేరు 'తెలుగు వత్తులు కట్ అవుతున్నాయి'. ఇది కొంచెం విడమరచి చెప్పాలి.

యాప్ స్క్రీన్లు మొదట ఇంగ్లిష్‌లో గీస్తారు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. 'జీ', 'వై' లాంటి చిన్నక్షరాలకి ఒక చిన్న తోక కిందికి దిగుతుంది, అంతే. బటన్ ఎత్తు దాన్ని బట్టి బిగించేస్తారు. తర్వాత ఆ బటన్‌లో తెలుగు పోస్తారు. తెలుగు ఊరుకుంటుందా? పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. 'రాష్ట్రం' అన్న ఒక్క మాటకి ఎంత లోతు కావాలో రాసి చూడండి. బటన్ ఎత్తు చాలక కింద ఉన్నదంతా కత్తిరించినట్టు పోతుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దగా పెట్టుకునే పెద్దవాళ్ళకైతే ఇంకా ఘోరం. 'చెల్లించు' కాస్తా 'చెలించు' అవుతుంది. 'రద్దు' కాస్తా 'రదు'.

ఆ ఇన్సూరెన్స్ గడి పక్కన తెలుగులో రెండు మాటలు ఉండేవి: 'కావాలి', 'వద్దు'. కావాలిలో వత్తు లేదు. శుభ్రంగా కనపడేది. రెండోది 'వదు' అని కనపడేది. కావాలని చేసింది కాదు. అయినా వద్దనే హక్కు సగం కోసుకుపోయింది.

దీన్ని బాగు చెయ్యడం రాకెట్ సైన్స్ ఏమీ కాదు. బటన్‌కి ఖాయమైన ఎత్తు ఇవ్వకుండా, కనీసం ఇంత ఉండాలి, అక్షరాన్ని బట్టి పెరగొచ్చు అని చెప్పాలి. వరసల మధ్య ఖాళీ పెంచాలి. మంచి తెలుగు ఫాంట్ పెట్టాలి, నోటో లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్‌లో అతి పెద్ద అక్షరాల సెట్టింగ్ పెట్టి ప్రతి స్క్రీనూ చూడాలి. స్క్రీన్లు 120 దాకా ఉన్నాయి. ఇద్దరు మనుషులు, ఒకటిన్నర నెల. ప్రతి మూడు నెలలకీ ప్లానింగ్ మీటింగ్‌లో ఈ టికెట్ పైకి వచ్చేది. "దీనివల్ల రెవెన్యూ ఎంత?" అనే ప్రశ్న వచ్చేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు. వత్తు వల్ల వచ్చే ఆదాయం ఇంత అని ఎవరు చెప్పగలరు? "నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం" అనేవారు. ఇంగ్లిష్‌లో ఆ మాటకి అర్థం 'వచ్చే మూడు నెలలు'. ఆఫీసు భాషలో అర్థం 'ఇక చూడం'.

ఇంత సోది ఎందుకు చెప్తున్నానంటే, దీర్ఘకాలం పనికొచ్చే డిజైన్ ఓడిపోయేది వాదనలో కాదు. డిజైన్ వాళ్ళు మీటింగుల్లో చక్కగా మాట్లాడతారు, అందరూ తలూపుతారు. ఓడిపోయేది షీటులో. టిక్ వల్ల వచ్చే లాభానికి ఒక నెంబరూ ఒక తేదీ ఉన్నాయి. వత్తుల వల్ల జరిగే నష్టానికి నెంబరూ లేదు, తేదీ లేదు, ఆఖరికి పేరు కూడా లేదు.

ఆ పేరు మాకు ఎక్కడ దొరికిందంటే, కింది అంతస్తులో. కాల్ సెంటర్‌లో.

సంక్రాంతి అయిపోయింది. టిక్ బాగా పనిచేసిందని కేకు కోశారు. ఫిబ్రవరిలో ఒక రోజు మా డిజైనర్ లంచ్‌కి కిందికెళ్ళి, సపోర్ట్ టీమ్ చూసుకునే అక్కతో కూర్చుంది. అక్క మామూలుగా అందట, "మీరేదో చేశారమ్మా పండక్కి. రోజంతా ఒకటే గోల, ఇరవై రూపాయలు ఎక్కువెందుకు పట్టారు నాయనా అని." మరి ఇది మా రిపోర్టుల్లో ఎందుకు కనపడలేదు? ఎందుకంటే, కాల్ అయిపోగానే సపోర్ట్ వాళ్ళు దానికి ఒక రకం ఎంచుకోవాలి. జాబితాలో ఉన్నవి: బస్సు లేటు, రీఫండ్, సీటు మార్పు, పేమెంట్ ఫెయిల్... చివర్లో 'ఇతర'. ఇన్సూరెన్స్ అనే రకం లేదు. అన్నీ 'ఇతర'లోకి పోయాయి. యాప్‌లో తెలుగు చదవలేకపోతున్నాం, మీరే టికెట్ తీసిపెట్టండి అని అడిగే పెద్దవాళ్ళ కాల్స్ కూడా 'ఇతర'లోకే. నెలకోసారి పైకి వెళ్ళే రిపోర్టులో 'ఇతర' ఎప్పుడూ అన్నిటికన్నా పొడుగు గీత. దాని గురించి ఎవరూ అడగలేదు. ఇతర అంటే ఇతరే కదా మరి.

డిజైనర్ చేసిన పని చాలా చిన్నది. ఆ జాబితాలో రెండు రకాలు కొత్తగా చేర్పించింది. 'అడగని ఇన్సూరెన్స్' ఒకటి, 'తెలుగు చదవలేకపోవడం' ఇంకొకటి. అర్ధగంట పని. నెల తిరిగేసరికి రెండు గీతలు బయటికొచ్చాయి.

అప్పుడు ముగ్గురం కూర్చుని ఒక లెక్క వేశాం. అసలు అంకెలు చెప్పను, లెక్క వేసే తీరు మాత్రం చెప్తా, మీ ఆఫీసులో పనికొస్తుంది. 20 రూపాయల ఇన్సూరెన్స్‌లో కంపెనీకి మిగిలేది మొత్తం 20 కాదు, కమీషన్ మాత్రమే. అనుకుందాం, 6 రూపాయలు. ఒక కాల్ వస్తే మనిషి జీతం, సీటు, ఫోన్ ఖర్చు కలిపి అనుకుందాం, 40 రూపాయలు. పైగా అరిచినవాళ్ళకి 20 వెనక్కి ఇస్తాం. అంటే ఒక్కరు ఫోన్ చేస్తే, నోరెత్తని పదిమంది దగ్గర సంపాదించింది పోయింది. ఫోన్ చేయకుండా, మళ్ళీ రాకుండా పోయినవాళ్ళని ఇందులో ఇంకా కలపనే లేదు.

షీటు చూసి మేనేజర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది నవంబరులో నా ముందు పెట్టి ఉంటే బాగుండేది కదరా" అన్నాడు. "నవంబరులో ఇది ఎక్కడుంది అన్నా, ఇతరలో ఉంది" అంది డిజైనర్. ఏప్రిల్ మొదటివారంలో టిక్ తీసేయించింది ఆయనే. మార్చి 31 దాటాకే సుమా! అది కూడా గమనించాలి. వత్తుల పనికి ఒక మనిషిని ఇచ్చారు, ఇద్దర్ని అడిగితే.

ఆ సంవత్సరమే ప్రభుత్వం ఈ వ్యవహారంలో వేలు పెట్టింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. ఆ పేరు పెట్టింది హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్, 2010లో. మన మార్గదర్శకాల్లో అలాంటి 13 మాయల జాబితా ఉంది. అడగకుండా బుట్టలో వస్తువు, సేవ, విరాళం కలిపేయడం అందులో ఒకటి. లేని తొందర పుట్టించడం, 'ఇంకా 2 సీట్లే' తరహా, ఇంకొకటి. రేటు కొంచెం కొంచెంగా పెంచుతూ పోవడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం, చేరడం సులువు చేసి మానేయడం నరకం చేయడం. చదువుతుంటే మీ ఫోనే గుర్తొస్తుంది. 2025 జూన్‌లో ఈ-కామర్స్ కంపెనీలన్నీ మూడు నెలల్లో తమ యాప్‌లను తామే తనిఖీ చేసుకోవాలని కూడా చెప్పింది.

మానేయడం నరకం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో అమెజాన్ ప్రైమ్ రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు వేసింది. కంపెనీ లోపల ఆ ప్రక్రియకు పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అట. గ్రీకుల మహాకావ్యం, ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం. పేరు పెట్టినవాడికి హాస్యం ఉంది, ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో, తప్పు చేశామని ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లు కట్టడానికి అమెజాన్ అంగీకరించింది. అందులో 150 కోట్లు జనానికి వాపసు.

మన దగ్గర ఈ విషయంలో రిజర్వ్ బ్యాంక్ ముందే మేలుకుంది. 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు మీద నెలనెలా దానంతటదే డబ్బు పోయే ఏర్పాటు ఏదైనా సరే, 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి, ఆపుకునే దారి ఉండాలి. అప్పట్లో కంపెనీలు ఎంత గొణిగాయో నాకు తెలుసు. చాలా పేమెంట్లు ఆగిపోయాయి, కోడ్ అంతా మార్చుకోవాల్సి వచ్చింది. కానీ ఇవాళ మనవాళ్ళు ధైర్యంగా ఆటోపే నొక్కుతున్నారంటే, ఆ ముందురోజు మెసేజ్ మీద నమ్మకం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అయితే ఒక మాట. ఇదంతా చదివి, వ్యాపారం వైపు వాళ్ళు అడిగే ప్రతి తొందరపనీ పాపమే అనుకుంటే అది కూడా తప్పే. మా డిజైన్ గుంపులో కొందరికి ఈ జబ్బు ఉంది. అంతా అద్దంలా మెరిస్తే తప్ప బయటికి వదలరు. జీతాలెక్కడి నుంచి వస్తాయో ఆలోచించరు. అదే సంక్రాంతికి మేం బస్సు రద్దయినప్పుడు రీఫండ్ అడిగే స్క్రీన్ ఒకటి వారంలో కట్టాం. అందం లేదు, బొమ్మల్లేవు, ఒక ఫారం, ఒక బటన్. చూడ్డానికి పంచాయతీ ఆఫీసు దరఖాస్తులా ఉండేది. ఎవరూ తిట్టలేదు. పనిచేసింది కాబట్టి. తర్వాత తీరిగ్గా బాగు చేసుకున్నాం.

మా ఫీల్డులో 'టెక్నికల్ డెట్' అనే మాట ఉంది, 1992లో వార్డ్ కన్నింగ్‌హమ్ అనే ప్రోగ్రామర్ వాడుకలోకి తెచ్చాడు. తొందరగా రాసిన కోడ్ అప్పులాంటిది, తర్వాత వడ్డీతో తీర్చాలి అని. నేను దానికి ఒక ప్రశ్న కలుపుతాను: ఆ అప్పు ఎవరి పేరు మీద రాస్తున్నాం? రీఫండ్ స్క్రీన్ అప్పు మా పేరు మీద ఉంది. మేమే తీర్చాం, కొన్ని శనివారాలు పోయాయి. టిక్ పెట్టిన అప్పు వేరే. అది బస్సెక్కే మనిషి పేరు మీద, అతనికి చెప్పకుండా రాసింది. మొదటిది మేనేజర్ అడిగితే నేను సాధారణంగా ఒప్పుకుంటాను. రెండోదానికి ఎంత చిన్న మొత్తమైనా ఒప్పుకోబుద్ధి కాదు.

ఈ రెంటికీ మధ్యలో పడే కేసులూ ఉంటాయి. అక్కడే తల పగులుతుంది. సోనోస్ అని ఇళ్ళల్లో పెట్టుకునే స్పీకర్లు చేసే అమెరికా కంపెనీ ఉంది. ఖరీదైన సరుకు, కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాడతారు. 2024 మేలో, కొత్త హెడ్‌ఫోన్లు మార్కెట్లోకి రాబోతున్న సమయంలో, యాప్ మొత్తం తిరగరాసి వదిలారు. అందులో ఎవర్నీ మోసం చేసే ఉద్దేశం లేదు. కాకపోతే పొద్దున అలారం పెట్టుకోవడం, రాత్రి పాట దానంతటదే ఆగేలా టైమర్ పెట్టుకోవడం లాంటి పాత సౌకర్యాలు కొత్త యాప్‌లో లేవు. తర్వాత ఇస్తాం అన్నారు. వందల డాలర్లు పోసి కొన్న స్పీకరు గోడకి అలాగే ఉంది, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయదు. జనం మండిపడ్డారు. బాగు చేయడానికి 2 నుంచి 3 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని కంపెనీయే చెప్పుకుంది. 2025 జనవరిలో సీఈఓ దిగిపోయాడు. 'తర్వాత బాగు చేద్దాం' అనేది కొత్త సౌకర్యానికి చెల్లుతుంది. జనం చేతిలో ఉన్నదాన్ని లాక్కుని ఆ మాట చెప్తే చెల్లదు.

ఇప్పుడున్న కంపెనీలో నేను ఒక చిన్న అలవాటు పెట్టుకున్నా. ఏదైనా 'క్వార్టర్ ఎండ్' పని వస్తే, కొట్లాడను. ఓకే చేద్దాం, కానీ మూడు ముక్కలు అదే టికెట్‌లో రాద్దాం అంటాను. ఇది తీసేసే తేదీ ఏంటి? ఆ రోజు ఎవరు తీస్తారు? దీని మీద వచ్చే కాల్స్‌కి సపోర్ట్ జాబితాలో ఏ పేరు పెడుతున్నాం? విచిత్రమేంటంటే, మూడో ప్రశ్న దగ్గరే సగం పనులు ఆగిపోతాయి. 'అడగని ఇన్సూరెన్స్' అని చేత్తో టైప్ చేయాలంటే ఎవరికైనా మనసొప్పదు.

యూజర్లుగా మీ చేతిలో ఏముంది అంటారా? మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే. ఇలాంటివి చూసి తిట్టుకుని ఊరుకుంటే మీరు ఆ 'విజయం' లెక్కలో ఉండిపోతారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అంత ఓపిక లేకపోతే ప్లే స్టోర్‌లో ఒక రివ్యూ. ఒక చుక్క పెట్టి 'వరస్ట్ యాప్' అని రాస్తే మాకేమీ అర్థం కాదు, దాన్ని 'ఇతర'లో వేస్తారు. ఏ స్క్రీన్‌లో, ఏ బటన్ దగ్గర, ఎంత డబ్బు ఎక్కువ పోయిందో రెండు ముక్కలు రాయండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, చదివేవాళ్ళం ఉన్నాం. సోమవారం ఉదయం మీటింగ్‌లో ఆ రివ్యూలు తెర మీద వేసి చదువుతారు, అప్పుడు రూమ్‌లో ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు. కంపెనీకి మెయిల్ చేస్తే స్క్రీన్‌షాట్ జతచేయండి. వత్తు తెగిన బటన్ ఉన్న స్క్రీన్‌షాట్ అయితే ఇంకా మంచిది, ప్లానింగ్ మీటింగ్‌లో నాలాంటివాడు ఎవడో దానికోసమే ఎదురుచూస్తుంటాడు.